పారేసే హక్కు లిస్టుకి ఎవరిచ్చారు?

మెయిలింగ్ లిస్టులు నడిపేవాళ్లు ఎక్కడ మాట్లాడుకున్నా ఒక సలహా తప్పకుండా వినబడుతుంది: "సభ్యులు కానివాళ్ల మెయిళ్లతో వేగలేకపోతున్నారా? డిస్కార్డ్‌లో పెట్టేయండి, పీడా వదిలిపోతుంది." డిస్కార్డ్ అంటే ఎవరికీ చెప్పకుండా పారేయడం. ఈమధ్య ఇదే సలహా మళ్లీ ఒకచోట చదివాను. పీడ వదిలేది లిస్టుకొచ్చే మెయిళ్లని చూసే మోడరేటర్‌కి మాత్రమే. కొన్నాళ్లకి ఎవరో ఫోన్ చేసి "ఇన్నిసార్లు రాశాను, ఒక్కరూ పలకలేదేం?" అని నిష్ఠూరమాడతారు. అప్పటికి ఆ మెయిళ్లు ఎక్కడా ఉండవు. పంపినవారికి బౌన్స్, అంటే తిరుగుటపా, రాలేదు. పారేసినవాటి కాపీలు పంపే సెట్టింగ్ ఆపేసి ఉంటే మోడరేటర్‌కీ నోటీసు రాలేదు. సర్వర్‌లో ఏదో ఒక లాగ్ ఫైల్లో మూడు వరుసలు మిగిలుంటాయి, అవి కూడా పాత లాగ్‌లతో పాటు చెరిగిపోకుండా ఉంటేనే.

నా అభిప్రాయం ఇది. వద్దనుకున్న మెయిలుని గుమ్మంలోనే వద్దనాలి. ఒకసారి లోపలికి తీసుకున్నాక బట్వాడా చెయ్యాలి, లేదంటే ఒక మనిషి కంటపడేదాకా దాచాలి. చడీచప్పుడు లేకుండా పారేసే పని లిస్టు సాఫ్ట్‌వేర్‌కి అప్పగించకూడదు. ఇది నా సొంత చాదస్తమేమీ కాదు. సర్వర్ల మధ్య మెయిలు నడిపే పద్ధతి ఎస్‌ఎంటీపీకి మూలమైన ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 (2008) కూడా అదే అంటుంది: సర్వర్ 250 (సరే, అందింది) అని జవాబిచ్చిందంటే ఆ మెయిలుని చేర్చే బాధ్యత, చేర్చలేకపోతే ఆ మాట చెప్పే బాధ్యత తన నెత్తికెత్తుకున్నట్టే. 250 ఇచ్చేసి ఆనక పారేయడమంటే రిజిస్టర్డ్ పోస్టుకి సంతకం పెట్టి తీసుకుని ఉత్తరాన్ని మురిక్కాలవలో వేసినట్టే.

అయితే దీనికి ఎదురువాదన గట్టిదే ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు మెయిళ్లు అసలు ఎక్కడెక్కడ పోతున్నాయో తేల్చుకోవాలి. చాలామంది లిస్టు నిర్వాహకులకి తమ లిస్టులో డిస్కార్డ్ ఎన్ని చోట్ల పొంచి ఉందో తెలియదు. ఉదాహరణలన్నీ లిస్టులు నడిపే సాఫ్ట్‌వేర్ గ్నూ మెయిల్‌మ్యాన్ 2.1 నుంచి తీసుకుంటున్నాను. దాన్ని రాసిన భాష పైథాన్ 2 కి 2020 జనవరి 1 తో కాలం చెల్లినా, సీప్యానెల్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే వెబ్ హోస్టింగుల పుణ్యమా అని ఈ పాత మెయిల్‌మ్యాన్ ఇంకా చాలాచోట్ల నడుస్తూనే ఉంది. మెయిల్‌మ్యాన్ 3 లో తేడాలున్న చోట చెబుతాను.

నిజంగా పోయిందా?

"నా మెయిలు లిస్టులోకి వెళ్లలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి అసలు మెయిలు పోనేపోలేదు. జీమెయిల్ వాడేవారు లిస్టుకి రాస్తే, లిస్టు నుంచి తిరిగొచ్చే కాపీకి కూడా అదే మెసేజ్-ఐడీ (ప్రతి మెయిలుకీ ఉండే ప్రత్యేక గుర్తింపు) ఉంటుంది. జీమెయిల్ దాన్ని ‘సెంట్’లో ఉన్న మెయిలుగానే లెక్కేసి ఇన్‌బాక్స్‌లో చూపించదు. మిగతా సభ్యులందరికీ అందుతుంది, రాసినవారికి మాత్రం కనబడదు. మెయిల్‌మ్యాన్‌లో దీనికి సెట్టింగ్ ఏదీ లేదు. ఎవరి మెయిలు వాళ్లకి రాకుండా ఆపే ఐచ్ఛికం ఒకటి, గ్రహీతల్లో గాని సీసీలో గాని చిరునామా ఉన్నవాళ్లకి లిస్టు కాపీ పంపకుండా ఆపే ఐచ్ఛికం ఇంకొకటి కూడా ఇలాంటి గందరగోళమే తెస్తాయి. అందుకని మొదట చూడాల్సింది లిస్టు ఆర్కైవ్. అందులో మెయిలుంటే అది బట్వాడా సమస్య, లేదా అసలు సమస్యే కాదు. లేకపోతేనే ముందుకెళ్లాలి.

ముందుకెళ్లడానికి కావలసింది మెసేజ్-ఐడీ. పంపినవారి సెంట్ ఫోల్డర్‌లో ఆ మెయిలు తెరిచి, పూర్తి హెడర్లు (మెయిలు తలభాగంలో ఉండే వివరాల వరుసలు) చూపించమని అడిగితే దొరుకుతుంది. "నిన్న సాయంత్రం పంపానండీ, సబ్జెక్టు ఫలానా" అనే వివరంతో లాగ్‌లు వెతకడం కాలయాపన, ఎందుకంటే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాము మామూలుగా సబ్జెక్టుని లాగ్‌లో రాయనే రాయదు. మెసేజ్-ఐడీని మాత్రం క్లీనప్ అనే దాని భాగం తప్పకుండా రాస్తుంది. ఆ వరుసలో క్యూ-ఐడీ, అంటే సర్వర్ ఆ మెయిలుకిచ్చుకున్న గుర్తు, ఉంటుంది. ఆ క్యూ-ఐడీతో మళ్లీ వెతికితే మెయిలు గతి ఏమైందో తెలుస్తుంది. "సెంట్, డెలివర్డ్ టు కమాండ్" అని ఉండి ఆ కమాండ్ మెయిల్‌మ్యాన్‌దే అయితే, బంతి మెయిల్‌మ్యాన్ చేతికొచ్చింది. మెయిల్‌మ్యాన్ 3 అయితే అదే వరుసలో 8024 పోర్టు కనబడుతుంది. అసలు మెసేజ్-ఐడీయే మెయిల్ లాగ్‌లో లేకపోతే, మెయిలు మీ సర్వర్ గడప తొక్కలేదు. మెయిల్‌మ్యాన్ సెట్టింగ్‌లు తిరగేసి ప్రయోజనం లేదు.

ఈ సరిహద్దు తేల్చుకోకుండా లిస్టు సెట్టింగ్‌లు మార్చేవాళ్లే ఎక్కువ. మెయిలు నిజానికి పోస్ట్‌ఫిక్స్ హెడర్లని చూసి వడకట్టే హెడర్ చెక్స్‌లోనో, మధ్యలో కూర్చున్న ఆమావిస్ అనే స్పామ్ వడపోతలోనో పోతుంటుంది. వీళ్లేమో మెయిల్‌మ్యాన్‌లో వడపోతలన్నీ ఎత్తేస్తారు. వారం తిరిగేసరికి లిస్టు నిండా స్పామ్, పోయే మెయిలు మాత్రం పోతూనే ఉంటుంది.

మెయిల్‌మ్యాన్ చేతికొచ్చాక పోయినదాని జాడ ‘వెట్’ అనే లాగ్‌లో ఉంటుంది. డిస్కార్డ్ అయిన ప్రతి మెయిలుకీ మెసేజ్-ఐడీ, లిస్టు పేరు, పారేసిన హ్యాండ్లర్ (ఆ పని చేసిన ప్రోగ్రాము భాగం) పేరు అందులో పడతాయి. ఈ మూడోదే తాళంచెవి. మోడరేట్ అని ఉంటే పంపినవారి చిరునామా వల్ల పోయింది. స్పామ్‌డిటెక్ట్ అంటే హెడర్ వడపోత, మైమ్‌డెల్ అంటే కంటెంట్ వడపోత. అప్రూవ్ అని కనబడితే చాలామంది తికమక పడతారు, అది సాధారణంగా లూప్‌ని, అంటే లిస్టు పంపినదే మళ్లీ లిస్టుకి తిరిగి రావడాన్ని, పట్టుకున్న గుర్తు. మెయిల్‌మ్యాన్ 3 లో ఇదంతా ప్రధాన లాగ్‌లోనే, డిస్కార్డ్ అనే మాట పక్కన మెసేజ్-ఐడీతో కనబడుతుంది.

లోగో ఉన్న సంతకం

అన్నిటికంటే అన్యాయంగా మెయిళ్లు మింగేది కంటెంట్ వడపోత, అంటే మైమ్‌డెల్. ఇది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండదు. అటాచ్‌మెంట్లు వద్దనుకుని ఎవరో ఒకరు ఆన్ చేస్తారు. చేసిన క్షణం నుంచీ అప్పటిదాకా నిద్రపోతున్న రెండు డిఫాల్ట్‌లు అమల్లోకి వస్తాయి. అనుమతించే మైమ్ రకాల (మెయిలులోని భాగం అక్షరాలా, బొమ్మా, కలగలుపా అని చెప్పే పేర్ల) జాబితాలో మూడే ఉంటాయి: మల్టీపార్ట్/మిక్స్‌డ్, మల్టీపార్ట్/ఆల్టర్నేటివ్, టెక్స్ట్/ప్లెయిన్. ఇక వడపోతకి చిక్కిన మెయిలుని ఏం చెయ్యాలన్న ప్రశ్నకి డిఫాల్ట్ జవాబు డిస్కార్డ్.

ఆఫీసు ఔట్‌లుక్ నుంచి రాసే సభ్యుడొకరున్నారనుకోండి. సంతకంలో కంపెనీ లోగో బొమ్మగా వస్తుంది. బొమ్మ ఉండేసరికి మెయిలు పై పొర మల్టీపార్ట్/రిలేటెడ్ అవుతుంది. అది జాబితాలో లేదు కాబట్టి లోపల చక్కటి సాదా అక్షరాలున్నా చూడకుండా మొత్తం మెయిలు బుట్టలోకి పోతుంది. సాయంత్రం అదే మనిషి అదే చిరునామాతో ఫోన్ నుంచి రాస్తే లోగో ఉండదు, మెయిలు వెళ్తుంది. మోడరేటర్ సభ్యత్వం చూస్తారు, సరిగ్గానే ఉంటుంది. మోడరేషన్ గుర్తు ఉందేమో చూస్తారు, ఉండదు. చివరికి "మీ ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఏదో ఉందండీ" అని తేల్చేస్తారు. పీజీపీతోనో ఎస్/మైమ్‌తోనో డిజిటల్ సంతకం చేసే జాగ్రత్తపరుల గతీ ఇంతే: వాళ్ల మెయిలు పై పొర మల్టీపార్ట్/సైన్డ్.

ఉత్త హెచ్‌టీఎంఎల్‌గా వచ్చే మెయిళ్లది ఇంకో చిక్కు. "హెచ్‌టీఎంఎల్‌ని సాదా అక్షరాలుగా మార్చు" అనే సెట్టింగ్ ఆన్‌లోనే ఉందిగదా, ఎందుకు పోతోంది అని అడుగుతారు. పై పొర రకం చూడటం ముందు జరుగుతుంది, మార్పిడి చివర జరుగుతుంది. టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అనుమతి జాబితాలో లేకపోతే మెయిలు మార్పిడి దాకా బతికి రాదు. పైగా ఆ మార్పిడి చేసేది లింక్స్ అనే బ్రౌజరు. సర్వర్‌లో అది లేకపోతే ఎర్రర్ లాగ్‌లో ఒక వరుస పడుతుంది, మార్పిడి జరగదు.

దీనికి మందు: అనుమతి జాబితాలో మల్టీపార్ట్ అని ఉప రకం లేకుండా ఒక్కమాట రాయండి, దాని కిందివన్నీ వచ్చేస్తాయి. టెక్స్ట్/ప్లెయిన్, టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ చేర్చండి. ఫార్వర్డ్ చేసిన మెయిళ్లు రావాలంటే మెసేజ్/ఆర్‌ఎఫ్‌సీ822 కూడా చేర్చండి. వడపోత చర్యని డిస్కార్డ్ నుంచి మార్చి నిర్వాహకుడికి ఫార్వర్డ్ చేసేలా పెట్టండి. ఈ చివరిది మరిచిపోవద్దు. "దానంతటది డిస్కార్డ్ అయినవాటి కాపీ మోడరేటర్‌కి పంపు" అనే సెట్టింగ్ ఒకటి వేరే ఉంది, డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. అది చూసి నిశ్చింతగా ఉంటారు చాలామంది. కానీ అది సభ్యులు కానివాళ్ల మెయిళ్లకే వర్తిస్తుంది. మైమ్‌డెల్ పారేసినదాని కాపీ ఎవరికీ రాదు.

మెయిల్‌మ్యాన్ 3 కూడా కంటెంట్ వడపోత చర్యకి డిస్కార్డ్‌నే డిఫాల్ట్‌గా ఉంచింది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. మిగతాచోట్ల హోల్డ్‌ని, అంటే మోడరేటర్ చూసేదాకా ఆపడాన్ని, డిఫాల్ట్‌గా పెట్టినవాళ్లు ఇక్కడెందుకు పెట్టలేదో అర్థం కాదు.

ఒక మాట కోసం రాసిన రూలు

హెడర్ వడపోత రూళ్లు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే అక్షరాల వరసని వెతికే నమూనాలు. ఇవి ఒక్క సబ్జెక్టుకే పరిమితం కావు. మెయిల్‌మ్యాన్ 2.1 అన్ని హెడర్లనీ, లోపలి భాగాల హెడర్లతో సహా, ఒకచోట చేర్చి వాటిలో వెతుకుతుంది. మందుల స్పామ్ ఆపాలని ‘సియాలిస్’ అన్న పేరు ఒక్కటీ రూలుగా రాశారనుకోండి. ఇంగ్లిష్‌లో స్పెషలిస్ట్ అన్న మాట స్పెల్లింగు మధ్యలో ఆ అక్షరాలు వరసగా అలాగే ఉన్నాయి. పంపినవారి పేరు పక్కన ఆ హోదా ఉంటే చాలు, మెయిలు పోతుంది. అటాచ్‌మెంట్ ఫైలు పేరులో ఉన్నా పోతుంది. రూలుని ‘సబ్జెక్ట్’ హెడర్ మొదలుకి కట్టి, మాటకి రెండువైపులా హద్దు గుర్తులు పెట్టడం కనీస జాగ్రత్త. చర్య హోల్డ్ అయితే ఇలాంటి పొరపాటు మొదటిరోజే బయటపడుతుంది. డిస్కార్డ్ అయితే ఎన్నాళ్లైనా పడదు. పరీక్షించని రూలుకి డిస్కార్డ్ ఇవ్వకూడదని నేను అనేది అందుకే.

స్పామ్‌ని గుర్తుపట్టే ప్రోగ్రాము స్పామ్ అసాసిన్ పెట్టే ఎక్స్-స్పామ్ హెడర్లని చూసి పారేసే రూళ్లలో ఇంకో లొసుగుంది. మీ స్పామ్ అసాసిన్ మెయిలుని పరీక్షిస్తే బయటినుంచి వచ్చిన ఎక్స్-స్పామ్ హెడర్లని తీసేసి తనవి పెడుతుంది. కానీ మెయిలుని దానికి అందించే స్పామ్‌సీ డిఫాల్ట్‌గా 500 కేబీ దాటిన మెయిలుని పరీక్షించదు, ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. పంపినవారి వైపు సర్వర్ తన అభిప్రాయంగా "స్పామ్: అవును" అని పెట్టిన హెడరు అలాగే మిగిలిపోయి మీ రూలుకి చిక్కుతుంది. పెద్ద అటాచ్‌మెంట్‌తో వచ్చినవి మాత్రమే అప్పుడప్పుడూ మాయమవుతున్నాయంటే ముందు ఇది చూడండి.

తెలుగులో రాస్తే

తెలుగువాళ్ల లిస్టులకి ప్రత్యేకంగా రెండు బెడదలున్నాయి.

మొదటిది నిడివి పరిమితి. మెయిల్‌మ్యాన్ 2.1 లో ఇది డిఫాల్ట్‌గా 40 కేబీ, దాటితే హోల్డ్. లెక్కలోకి తీసుకునేది ఎన్‌కోడ్ అయి ఉన్న రూపాన్ని, అసలు అక్షరాలని కాదు. తెలుగులో ఒక్కొక్క గుర్తు, అంటే హల్లు, గుణింతం, పొల్లు దేనికదే, యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో 3 బైట్లు. మెయిలులో పంపేందుకు దాన్ని మార్చే పద్ధతుల్లో ఒకటైన బేస్64 లో అది 4 అవుతుంది. కోటెడ్-ప్రింటబుల్‌లో అయితే ఏకంగా 9. మాటకి సగటున 8 గుర్తులనుకుంటే, 300 మాటల తెలుగు మెయిలు కోటెడ్-ప్రింటబుల్‌లో సుమారు 22 కేబీ. చాలా ప్రోగ్రాములు సాదా రూపంతో పాటు హెచ్‌టీఎంఎల్ రూపాన్నీ పంపుతాయి కాబట్టి రెట్టింపు, అంటే 44. పరిమితి దాటిపోయింది! అన్ని మాటలే ఉన్న ఇంగ్లిష్ మెయిలు 4, 5 కేబీలకి మించదు. ఇక కింద పాత మెయిలుని మొత్తం అతికించి జవాబు రాసే అలవాటుంటే చెప్పక్కర్లేదు. తెలుగు లిస్టుకి ఈ పరిమితి 300 కేబీకి తక్కువ ఉంచడం దండగ.

రెండోది లిపి మీద అనుమానం. ఇంగ్లిష్‌లో తప్ప మెయిళ్లు రాని ఆఫీసులో ఎప్పుడో రాసిన పోస్ట్‌ఫిక్స్ హెడర్ చెక్స్ ఫైలు చేతులు మారి మీ సర్వర్‌కి చేరి ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ హెడర్లని డీకోడ్ చెయ్యకుండా పచ్చిగా చూస్తుంది. యూటీఎఫ్-8 బేస్64 గుర్తుతో మొదలయ్యే సబ్జెక్టుల్ని పారేయమనే రూలు అందులో ఉంటే, తెలుగు సబ్జెక్టు పెట్టిన దాదాపు ప్రతి మెయిలూ పోతుంది. అదే మనిషి ఇంగ్లిష్ సబ్జెక్టు పెట్టి లోపల తెలుగు రాస్తే వెళ్తుంది. స్పామ్ అసాసిన్‌లో అనుమతించిన భాషల్ని ఇంగ్లిష్ ఒక్కదానికే కుదించినా తెలుగు మెయిలుకి స్పామ్ స్కోరు పెరగొచ్చు. తెలుగు సబ్జెక్టుతో ఒకటి, ఇంగ్లిష్ సబ్జెక్టుతో ఒకటి పంపి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మిగతా గోతులు

లూప్ సంగతి ముందే అన్నాను. లిస్టు నుంచి వెళ్లే ప్రతి మెయిలులోనూ ఎక్స్-బీన్‌దేర్ అనే హెడరులో లిస్టు చిరునామా ఉంటుంది. ఆ హెడరుతో మెయిలు తిరిగొస్తే మెయిల్‌మ్యాన్ పారేస్తుంది, అది న్యాయమే. కానీ పాత మెయిలుని రీడైరెక్ట్ పద్ధతిలో, హెడర్లు చెడకుండా మళ్లీ లిస్టుకి పంపే సభ్యులుంటారు. వాళ్లదీ పోతుంది. మామూలు ఫార్వర్డ్ చేయమని చెప్పడమే మార్గం. పారేయడాన్ని నేను ఒప్పుకునేది ఈ ఒక్కచోటే, ఎందుకంటే లూపుకి జవాబిస్తే ఇంకో లూపు పుడుతుంది.

చేరాలనుకునేవారి నిర్ధారణ మెయిలు పోవడం ఇంకో రకం. లిస్టు ఆదేశాల చిరునామాకి వచ్చిన మెయిలులో ప్రెసిడెన్స్ హెడరు బల్క్ అనో, జంక్ అనో, లిస్ట్ అనో ఉంటే మెయిల్‌మ్యాన్ 2.1 దాన్ని ఆటోమేటిక్ మెయిలుగా లెక్కేసి పారేస్తుంది. కొన్ని సంస్థల సర్వర్లు బయటికెళ్లే మెయిలన్నిటికీ ఇలాంటి హెడరు తగిలిస్తాయి. అక్కడినుంచి ఎన్నిసార్లు నిర్ధారించినా చేరలేరు. వెబ్ లింకు నొక్కి నిర్ధారించమంటే సరిపోతుంది.

దొంగ ఫ్రమ్ చిరునామాల్ని పట్టే పద్ధతి డీమార్క్ వల్ల జరిగే నష్టం వేరే జాతిది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కి రిజెక్ట్ (తిరస్కరించమనే) విధానం ప్రకటించినప్పటినుంచి, యాహూ సభ్యుడు రాసిన మెయిలుని లిస్టు పంచితే మిగతా సభ్యుల సర్వర్లలో డీమార్క్‌ని పాటించేవి తిప్పికొడతాయి. ఆ బౌన్సులు పడేది రాసినవారి ఖాతాలో కాదు, అందుకోవలసినవారి ఖాతాలో. రోజుకి ఒకటి చొప్పున లెక్కించి, స్కోరు 5 చేరితే మెయిల్‌మ్యాన్ వాళ్ల బట్వాడా ఆపేస్తుంది. ఏ పాపమూ ఎరగనివాళ్లకి లిస్టు ఆగిపోతుంది. 2.1.18 నుంచి దీనికి సెట్టింగ్ ఉంది, ఫ్రమ్ హెడరుని మార్చి పంపే ఐచ్ఛికం ఎంచుకోవాలి. అదే మెనూలో డిస్కార్డ్ కూడా ఉంది. పొరపాటున అది ఎంచుకుంటే అలాంటి విధానం ఉన్న డొమైన్ల సభ్యులంతా ఒక్కసారిగా మూగబోతారు.

షంట్ క్యూ గురించి తెలిసినవాళ్లు తక్కువ. మెయిలుని ప్రాసెస్ చేస్తుండగా ప్రోగ్రాములో ఎర్రర్ వస్తే మెయిల్‌మ్యాన్ దాన్ని షంట్ డైరెక్టరీలో పక్కనపెడుతుంది. పాడైన ఎన్‌కోడింగులు ఇందుకు సాధారణ కారణం. కారణం ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది. సరిచేశాక అన్‌షంట్ ఆదేశంతో మళ్లీ నడిపించవచ్చు. కానీ గడువు ఏడు రోజులే. అది దాటినవాటిని క్రాన్ అనే, వేళకి దానంతటదే నడిచే పని ఒకటి రోజూ తుడిచేస్తుంది, దాచే డైరెక్టరీ విడిగా చూపించకపోతే. ఆ డైరెక్టరీ చూపించండి, పోయేదేమీ లేదు.

హోల్డ్ మాత్రం ఎవరికి ఇష్టం?

ఇప్పుడు ఎదురువాదన. డిస్కార్డ్ వద్దంటే మిగిలేవి హోల్డ్, రిజెక్ట్. రెండూ అంత మంచివేం కావు.

లిస్టు స్థాయిలో రిజెక్ట్ చేస్తే మెయిల్‌మ్యాన్ ఫ్రమ్‌లో ఉన్న చిరునామాకి తిరుగు జవాబు పంపుతుంది. స్పామ్‌లో ఆ చిరునామా దొంగది, ఎవరో అమాయకులది. వాళ్లకి మీ సర్వర్ నుంచి సంబంధం లేని తిరస్కారాలు వెళ్తాయి, మీ సర్వర్ బ్లాక్‌లిస్టులోకి ఎక్కుతుంది. డిస్కార్డ్‌ని సమర్థించేవాళ్ల అసలు బలం ఇదే, దీన్ని కాదనలేను. ఆర్‌ఎఫ్‌సీ 5321 కూడా మోసపు మెయిలని బాగా గట్టిగా నమ్మకం ఉన్నప్పుడు చెప్పకుండా పారేయడానికి ఒప్పుకుంటుంది. "సభ్యుడు కాదు" అన్న ఒక్క కారణం ఆ గట్టి నమ్మకం కిందికి వస్తుందా? వేరే చిరునామానుంచి రాసిన పాత సభ్యుడు కూడా సభ్యుడు కానివాడే కదా.

హోల్డ్ కష్టం మనుషులది. రోజుకి యాభై స్పాములు హోల్డ్‌లో పడే లిస్టులో మోడరేటర్ రెండువారాలు ఓపిగ్గా చూస్తారు. తర్వాత మోడరేషన్ పేజీ పైన "వాయిదా అని గుర్తున్నవన్నీ డిస్కార్డ్ చెయ్యి" అనే చిన్న గడి ఉందని కనిపెడతారు. ప్రతి మెయిలుకీ డిఫాల్ట్ గుర్తు వాయిదాయే. ఆ గడిలో టిక్కు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే పేజీ ఖాళీ. యాభైలో ఒకటి మంచిది ఉందా అని చూసే ఓపిక ఎవరికుంటుంది? ఇంకొందరు హోల్డ్‌లో ఉంచే రోజుల గడువు పెడతారు. డిఫాల్ట్‌గా అది సున్నా, అంటే గడువు లేదు. 5 అని పెడితే, పండగ సెలవుల్లో వచ్చిన మెయిళ్లు ఎవరూ చూడకముందే వాటంతటవే పోతాయి. చూసే మనిషి లేని హోల్డ్ నాలుగురోజులు ఆలస్యంగా చేసే డిస్కార్డే. డిస్కార్డ్ వాదులు "కనీసం మేం నిజాయితీగా పారేస్తున్నాం" అంటే నా దగ్గర వెంటనే జవాబు లేదు.

అందుకే వడపోత లిస్టు దాకా రానివ్వకుండా సర్వర్ గుమ్మంలో జరగాలంటాను. 250 చెప్పకముందే, ఎస్‌ఎంటీపీ సంభాషణ నడుస్తుండగానే స్పామ్‌ని తిరస్కరిస్తే మీరెవరికీ బౌన్స్ పంపనక్కర్లేదు. మంచి మెయిలు పొరపాటున చిక్కినా, పంపినవారి సర్వరే వారికి ఆ మాట చెబుతుంది. దొంగ మెయిలైతే పంపిన బాట్ ఆ తిరస్కారాన్ని పట్టించుకోదు. పోస్ట్‌ఫిక్స్‌కి ఆర్‌స్పామ్‌డీ అనే స్పామ్ వడపోతని మిల్టర్‌గా, అంటే మెయిలు వస్తుండగానే పరీక్షించే జోడింపుగా, తగిలిస్తే దాని డిఫాల్ట్ మెట్లే దాదాపు సరిపోతాయి: స్కోరు 4 దాటితే గ్రేలిస్టు (కాసేపాగి మళ్లీ పంపమనడం), 6 దాటితే హెడరు తగిలించడం, 15 దాటితే తిరస్కారం. 6 కీ 15 కీ మధ్యవాటికి తగిలిన హెడరుని మెయిల్‌మ్యాన్ వడపోత రూలుతో పట్టి హోల్డ్‌లో పెట్టండి. అప్పుడు హోల్డ్‌కి చేరేది రోజుకి ఏ నాలుగైదో. అంతైతే మనిషి చూస్తాడు.

ఇది సొంత సర్వర్ ఉన్నవాళ్ల మాట. సీప్యానెల్‌లో ఉచితంగా వచ్చిన లిస్టు నడిపే సంఘానికి మిల్టర్ పెట్టే వీలు ఎక్కడిది? వాళ్లు చేయగలిగింది కొంచెమే. సభ్యులు కానివాళ్ల మెయిళ్ల మీద తీసుకునే చర్యని హోల్డ్‌లో ఉంచండి. సభ్యులు వాడే రెండో చిరునామాల్ని మెయిళ్లు ఆపిన సభ్యత్వంగా చేర్చుకోండి, అప్పుడు వాటినుంచి రాసినా లోపలికొస్తాయి. డిస్కార్డ్ చెయ్యాల్సిన చిరునామాల జాబితాని ఏడాదికోసారి చదవండి. మోడరేషన్ పేజీలో విసుగులో ఒక్క నొక్కుతో చేర్చిన పేర్లు అందులో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. మెయిల్‌మ్యాన్ 3 లో ఇవి సభ్యులు కానివాళ్ల పేజీలో ఒక్కొక్క చిరునామాకీ విడి చర్యగా ఉంటాయి కాబట్టి కంటపడటం ఇంకా కష్టం. మోడరేటర్లు ఇద్దరుండాలి, ఇద్దరూ ఒకే ఊళ్లో ఒకే పండక్కి వెళ్లేవాళ్లు కాకుండా చూసుకోండి.

కొత్త సభ్యుల్ని మోడరేషన్‌లో ఉంచే లిస్టుల్లో మోడరేట్ అయిన సభ్యుల మెయిలుకి చర్య ఏమిటో కూడా చూడండి. అక్కడా హోల్డ్, రిజెక్ట్, డిస్కార్డ్ మూడూ ఉంటాయి. ప్రకటనల లిస్టుకోసం డిస్కార్డ్ పెట్టి, తర్వాత దాన్నే చర్చల లిస్టుగా మార్చినచోట కొత్తగా చేరినవాళ్ల మొదటి పలకరింపులన్నీ గాల్లో కలిసిపోతాయి. ఒకరిద్దరు మళ్లీ రాస్తారు, మిగతావాళ్లు వెళ్లిపోతారు.

సెట్టింగ్ ఏది మార్చినా ఆరు మెయిళ్లు పంపి చూడండి: సాదా అక్షరాలది, ఉత్త హెచ్‌టీఎంఎల్‌ది, సంతకంలో బొమ్మ ఉన్నది, పీజీపీ సంతకం ఉన్నది, తెలుగు సబ్జెక్టుతో 500 మాటలున్నది, లిస్టు చిరునామాని బీసీసీలో పెట్టినది. చివరిది హోల్డ్‌లో పడాలి, లిస్టు పేరు గ్రహీతల్లో కనబడకపోతే ఆపడం డిఫాల్ట్ కాబట్టి. మిగతా అయిదూ ఆర్కైవ్‌లో కనబడాలి. ఏడోది లిస్టు ఓనర్ చిరునామాకి పంపండి, ఎవరో ఒకరు జవాబిచ్చేదాకా ఆగండి. ఇప్పటిదాకా హోల్డ్ నోటీసులనీ, ఫార్వర్డ్ కాపీలనీ చెప్పినవన్నీ చేరేది ఆ చిరునామాకే. చాలా లిస్టుల్లో దాని వెనకున్నది ఎప్పుడో ఉద్యోగం మారిపోయినవారి మెయిల్‌బాక్స్.